బ్యాంకాక్ బాతు కొట్టులో భోంచేయడం ఎలా

బ్యాంకాక్ పాత వీధుల్లో నడుస్తుంటే అక్కడక్కడా ఒక చిన్న కొట్టు కనిపిస్తుంది. ముందు అద్దాల పెట్టె, అందులో మెడలకు కొక్కేలు తగిలించి వేలాడదీసిన కాల్చిన బాతులు. పక్కనే మొద్దు, కత్తి, ఒక మనిషి. లోపల ఆరేడు బల్లలు, ప్లాస్టిక్ స్టూళ్ళు, గోడకి ఫ్యాను. మనవాళ్ళు చాలామంది అక్కడ ఆగి ఫొటో తీసుకుని ముందుకి పోతారు. బోర్డు థాయ్‌లో ఉంటుంది, ఏమడగాలో తెలీదు, పైగా బాతంటే నీచు కొడుతుందేమోనని భయం. ఆ గుమ్మం దాటి తృప్తిగా తిని ఎలా బయటికి రావాలో చెబుతాను.

ముందే ఒక మాట. పెకింగ్ డక్ గురించి విని, కరకరలాడే చర్మం కోసం వెళ్తే నిరాశపడతారు. థాయ్‌లాండ్ బాతు కొట్ల గొప్పతనం చర్మంలో లేదు, గ్రేవీలో ఉంది. కొట్టు ఎంచుకోవడం దగ్గర్నుంచి ప్లేటు ఖాళీ చేసేదాకా ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే చాలు, సగం పని అయిపోయినట్టే.

ఏ బాతు కావాలో ముందు తేల్చుకోండి

బాతు పేరుతో నడిచే కొట్లు రెండు రకాలు. దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి.

మొదటిది కాల్చిన బాతు, థాయ్‌లో 'పెత్ యాంగ్'. ఇది దక్షిణ చైనాలోని కాంటన్ వైపు నుంచి వలస వచ్చినవాళ్ళు తెచ్చిన పద్ధతి. రంగు ఎరుపు కలిసిన గోధుమ, పైన మెరుపు ఉంటుంది. రెండోది ఉడికించిన బాతు. సోయా సాసు, దాల్చిన చెక్క, అనాసపువ్వు వేసిన నీళ్ళలో నెమ్మదిగా ఉడికిస్తే అది 'పెత్ ఫలో'. మూలికలతో ఉడికించి నూడుల్స్‌లో వేస్తే 'పెత్ తున్'. ఇవి ఎక్కువగా తియోచూ చైనీయుల వంటలు, బ్యాంకాక్ చైనీయుల్లో వాళ్ళదే పెద్ద వర్గం. ఉడికించిన బాతు రంగు మొత్తం ఒకేలా, మెరుపు లేకుండా ఉంటుంది, పక్కనే పెద్ద గిన్నె పొగలు కక్కుతూ ఉంటుంది. అదీ బాగుంటుంది, ముఖ్యంగా ఉప్పులో ఊరిన నిమ్మకాయ వేసి చేసే సూపు. మన నిమ్మకాయ ఊరగాయలోంచి కారం, ఆవపిండి తీసేస్తే మిగిలే రుచి అది. కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది కాల్చినదే.

ఎక్కడికి వెళ్ళాలి

రెండు పేటలు చాలు. ఒకటి బాంగ్ రాక్. బీటీఎస్ రైలు సిలోమ్ లైన్‌లో సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో దిగితే చరోయెన్ క్రుంగ్ రోడ్డు రెండు నిమిషాల నడక. 1860లలో మోంగ్‌కుట్ రాజు కాలంలో వేసిన రోడ్డు ఇది. నూరేళ్ళు దాటిన 'ప్రచక్' అనే బాతు కొట్టు ఈ రోడ్డు మీదే ఉంది, స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు. పేరున్న చోటు కాబట్టి టూరిస్టులూ వస్తారు, బొమ్మలున్న మెనూ కార్డు దొరుకుతుంది. ఒంటరిగా వెళ్ళడానికి బెరుకైతే అక్కడ మొదలుపెట్టండి.

రెండోది చైనాటౌన్, అంటే యావరాత్. 2019లో ఎమ్మార్టీ మెట్రో బ్లూ లైన్ మీద వాత్ మంగ్‌కోన్ స్టేషన్ వచ్చాక అక్కడికి వెళ్ళడం సులువైంది. అయితే రాత్రిపూట యావరాత్ మెయిన్ రోడ్డు మీద తినకండి. ఆ గుంపులో, ఆ హడావుడిలో బాతు రుచి తెలీదు. పగటిపూట పక్క సందుల్లోకి వెళ్ళండి.

మీతో శాకాహారులు ఉంటే వాళ్ళని ఈ కొట్లకి తీసుకెళ్ళకండి. ఆకుకూర మీద కూడా బాతు గ్రేవీనో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాసో పోస్తారు. సిలోమ్ రోడ్డులో తమిళులు కట్టించిన మారియమ్మన్ గుడి బాంగ్ రాక్ పేటలోనే ఉంది. ఆ చుట్టుపక్కల మన తిండి దొరికే చోట్లున్నాయి. వాళ్ళని అక్కడ దింపి మీరు బాతు దగ్గరికి రావడం అందరికీ మంచిది.

ఎప్పుడు వెళ్ళాలి

ఉదయం పదకొండు గంటలకి. ఇందులో బేరం లేదు.

బాతులు పొద్దున కాలుస్తారు. పదిన్నరకల్లా అద్దాల పెట్టె నిండుతుంది. పన్నెండు కొట్టగానే ఆఫీసుల వాళ్ళు వచ్చి పడతారు, అప్పుడు మొద్దు దగ్గర మనిషికి తల ఎత్తే తీరిక ఉండదు. రెండు దాటాక వేలాడేవి ఒకటో రెండో, అవీ ఆరిపోయి ఉంటాయి. చిన్న కొట్లలో సరుకు అయిపోతే 'మోత్ లేవ్' అంటారు, అంటే అయిపోయింది అని. బతిమాలినా లాభం లేదు, నవ్వుతూనే షట్టర్ దించేస్తారు.

క్యాలెండర్ కూడా చూసుకోండి. చైనీస్ కొత్త సంవత్సరానికి, ఏప్రిల్ 13 నుంచి 15 దాకా వచ్చే థాయ్ కొత్త సంవత్సరం సోంగ్‌క్రాన్‌కి చాలా కొట్లు మూసేస్తారు. ఇంకొకటుంది, దాన్ని మనవాళ్ళు అసలు ఊహించరు. చైనీస్ తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు 'కిన్ చే' అనే శాకాహార పండగ. యావరాత్ అంతా పసుపు జెండాలు కడతారు, బాతు కొట్లు కొన్ని సెలవిస్తాయి, కొన్ని మాంసం మానేసి ఆ తొమ్మిది రోజులూ శాకాహారమే అమ్ముతాయి. ఇది చాలా ఏళ్ళు మన దసరా నవరాత్రుల్లోనే పడుతుంది, 2023లోనూ 2024లోనూ అలాగే వచ్చింది. వాళ్ళ అధికమాసం, మన అధికమాసం వేర్వేరు ఏళ్ళలో పడితే మాత్రం ముందూ వెనకా అవుతుంది. 2025లో అక్టోబర్ 21న మొదలైంది, అప్పటికి మన దసరా దాటి దాదాపు మూడు వారాలు. దసరా సెలవులకి టికెట్లు తీసుకునేవాళ్ళు ఈ తేదీలు చూసుకుని వెళ్ళండి.

గుమ్మం దగ్గర ఆగి చూడండి

కూర్చోకముందు ఒక్క నిమిషం మొద్దు దగ్గర నిలబడండి. ఎవరూ ఏమీ అనుకోరు.

మంచి కొట్టులో మెనూ చిన్నది. బాతు, ఎర్రగా కాల్చిన పంది మాంసం, కరకరలాడే పంది మాంసం, వీటిని అన్నం మీదా నూడుల్స్ మీదా వేసిస్తారు, అంతే. ఇరవై పేజీల మెనూ ఉంటే వెనక్కి తిరగండి. బాతు రంగు ఒంటి నిండా ఒకేలా ఎర్రగా ఉంటే అది రంగు నీళ్ళ పని. సరిగ్గా కాలిన బాతు రొమ్ము దగ్గర ముదురుగా, రెక్కల కింద లేతగా ఉంటుంది. డెలివరీ కుర్రాళ్ళు బయట ఫోన్లు పట్టుకుని కాచుకుని ఉంటే మంచి గుర్తు. గోడ మీద అవార్డు స్టిక్కర్ల కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు ఆ మనిషి చేతులు చూడండి. కొక్కెం నుంచి బాతుని దించుతాడు. కడుపు దగ్గర కుట్టుకి బదులు గుచ్చిన ఇనుప పుల్ల ఒకటి ఉంటుంది, దాన్ని లాగేసి బాతుని ఒక గిన్నె మీదికి వంచుతాడు. లోపల్నుంచి నల్లటి రసం బుడబుడమని కారుతుంది. ఈ వంటకి కీలకం అదే. కాల్చేముందు బాతు కడుపులో సోయా ముద్ద, వెల్లుల్లి, అనాసపువ్వు, చక్కెర లాంటివి నింపి మూసేస్తారు. చర్మానికీ కొవ్వుకీ మధ్య గాలి ఊది, మీద వేణ్ణీళ్ళు పోసి, తియ్యటి పాకం పూసి ఆరబెడతారు. పొయ్యిలో నిలువుగా వేలాడుతూ కాలుతుంటే బయట చర్మానికి రంగొస్తుంది, లోపల మసాలా బాతు రసంలో ఉడుకుతుంది. గిన్నెలో పడిన ఆ రసాన్ని కాచి, కాస్త చిక్కబరిచి అన్నం మీద పోస్తారు. కొన్ని కొట్లు ఈ శ్రమ మానేసి సీసాలోని తీపి సోయాకి పిండి కలిపి పోస్తాయి. గిన్నె మీదికి వంచే దృశ్యం కనిపించిందంటే ధైర్యంగా కూర్చోవచ్చు.

ఆ మొద్దు కూడా మీకు తెలిసిందే. థాయ్‌లాండ్‌లో నరికే మొద్దుకి పేరున్న కర్ర చింత. మన మటన్ కొట్లలో వాడే చింత మొద్దే అది, నడుమ గుంట పడేదాకా వాడటంతో సహా.

అడగడం

తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక వెసులుబాటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో థాయ్ మాటలు చదివి పలికితే గందరగోళం అవుతుంది, మన లిపిలో రాసుకుంటే ప, ఫ తేడా తెలిసిపోతుంది. బాతు 'పెత్'. కారం 'ఫెత్', అది కూడా ఇంగ్లిష్ ఎఫ్‌లా కాదు, ప మీద ఊపిరి ఒత్తి పలకాలి. ఈ రెండూ తారుమారైతే బాతు అడిగినప్పుడు కారం కావాలా అని అడుగుతారు.

ఒక్కరే వెళ్తే ముందు అడగాల్సింది 'ఖావ్ నా పెత్', అంటే అన్నం మీద బాతు. 'ఖావ్ నా పెత్ నుంగ్ చాన్' అంటే ఒక ప్లేటు. మగవాళ్ళయితే చివర 'ఖ్రాప్', ఆడవాళ్ళయితే 'ఖా' చేర్చండి, మన 'అండీ' లాంటిదే. ప్లేటు చిన్నదనిపిస్తుంది, మన భోజనం లెక్కలో అది టిఫిన్. ఎక్కువ మాంసం కావాలంటే 'ఫిసేత్' అనండి, మన 'విశేష' శబ్దమే అది. పది ఇరవై బాత్‌లు (థాయ్ డబ్బు) ఎక్కువవుతుంది. అన్నం చాలకపోతే విడిగా 'ఖావ్ ప్లావ్' అడగండి.

నూడుల్స్ కావాలంటే 'బా మీ పెత్'. గుడ్డు కలిపిన పసుపు నూడుల్స్ ఇవి. 'హేంగ్' అంటే పొడిగా, 'నామ్' అంటే సూపులో. పొడిదే అడగండి, సూపులో వేస్తే బాతు రుచి పలచబడిపోతుంది. పొడి నూడుల్స్‌తో సూపు విడిగా చిన్న గిన్నెలో చాలాచోట్ల ఇస్తారు.

ముగ్గురు నలుగురు ఉంటే పద్ధతి మార్చాలి. తలా ఒక ప్లేటు చెప్పకండి. సగం బాతు 'ఖ్రుంగ్ తువా' చెప్పి, అన్నం విడిగా చెప్పుకోండి. సగం బాతంటే రొమ్మూ తొడా రెండూ వస్తాయి. ఒంటి ప్లేటులో ఏ భాగం పడుతుందో మీ అదృష్టం. అయితే సగం బాతుని కొన్నిచోట్ల ఎముకతోనే నరికిస్తారు. ఎముక వద్దనుకుంటే 'మై ఆవ్ క్రదూక్' అనండి. నన్నడిగితే ఎముకతోనే తినాలి.

కొన్ని కొట్లలో గడ్డకట్టిన రక్తం ముక్కలు, కాలేయం, పేగులు కూడా వేస్తారు, ఎక్కువగా నూడుల్స్‌లో. వద్దంటే 'మై సై లూవత్', రక్తం వేయొద్దని. పంది మాంసం తినని వాళ్ళు గమనించాలి: అదే మొద్దు మీద, అదే కత్తితో పంది మాంసమూ కోస్తారు. ముస్లిం సోదరులకి ఈ కొట్లు పనికిరావు. ఆవు మాంసం గురించి మాత్రం మనవాళ్ళు ఎక్కువ టెన్షన్ పడనక్కర్లేదు. బాతు కొట్ల మెనూల్లో అది సాధారణంగా ఉండదు. కువాన్ ఇమ్ అమ్మవారిని కొలిచే థాయ్ చైనీయులు చాలామంది అసలు ముట్టరు.

తినడం

ప్లేటు వచ్చింది. అన్నం, దాని మీద వరసగా పేర్చిన బాతు ముక్కలు, పైన గ్రేవీ, పక్కన కీరా ముక్కలు, గులాబీ రంగు ఊరిన అల్లం, ఒక కొత్తిమీర రెమ్మ. చిన్న గిన్నెలో నల్లటి సాసు, అందులో పచ్చిమిర్చి చక్రాలు. ఇంకో గిన్నెలో ఎముకలు కాచిన పల్చటి సూపు.

మొదటి ముక్క దేనిలోనూ ముంచకండి. ఊరికే తినండి. చర్మం మెత్తగా ఉంటుంది, దాని కింద సన్నటి కొవ్వు పొర, ఆ తర్వాత కోడి కంటే బిగువైన మాంసం. అనాసపువ్వు వాసన ముందొస్తుంది, నీచు ఎక్కడా తగలదు. తగిలితే తోక దగ్గర ముక్క మీకొచ్చిందన్నమాట. బాతుకి అక్కడ నూనె గ్రంథి ఉంటుంది. అది ఇష్టపడేవాళ్ళూ ఉన్నారు, మీకు పడకపోతే పక్కన పెట్టేయండి.

రెండో ముక్క ఊరిన అల్లంతో. కొవ్వుకి విరుగుడు అదే, అలంకారానికి పెట్టింది కాదు. మూడోది నల్ల సాసులో అంచు తాకించి. తీపి, పులుపు, కారం కలిసిన సాసు అది, ముంచేస్తే గ్రేవీ రుచి మొత్తం మింగేస్తుంది. మనకి చేయి ఊరుకోదు, సాంబారు పోసినట్టు గిన్నె మొత్తం అన్నం మీద ఒంపేస్తాం. అది చేయొద్దు. ప్లేటంతా ఒకేసారి కలిపేయడం కూడా వద్దు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, ముక్క, దాని కిందున్న గ్రేవీ పట్టిన అన్నం, రెండూ ఒకే చెంచాలో తీసుకోండి. గ్రేవీ బాతు కిందున్న అన్నంలోకి దిగి ఉంటుంది. పైన కంటే అడుగున అన్నమే రుచి. మధ్యమధ్య సూపు రెండు చెంచాలు.

థాయ్ వాళ్ళు అన్నం చెంచాతోనే తింటారు. కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు. ఫోర్కు నోట్లో పెట్టుకోరు, చెంచాలోకి తోయడానికే అది. చాప్‌స్టిక్స్ నూడుల్స్‌కి మాత్రమే. అన్నానికి చాప్‌స్టిక్స్ అడిగితే ఇస్తారు కానీ లోపల నవ్వుకుంటారు. చేత్తో తినడం ఈ కొట్లలో ఉండదు.

బల్ల మీద నాలుగు గిన్నెల స్టాండు కనిపిస్తుంది: చక్కెర, ఎండుమిర్చి పొడి, మిర్చి వేసిన వెనిగర్, ఫిష్ సాస్. ఇది నూడుల్స్ తినేవాళ్ళ కోసం. పొడి నూడుల్స్ రాగానే అడుగు నుంచి పైకి కలపండి, ఆలస్యం చేస్తే ముద్దయిపోతుంది. కలిపి రుచి చూశాక వెనిగర్ ఒక చెంచా, చక్కెర చిటికెడు. నూడుల్స్‌లో చక్కెరేమిటని మొహం పెట్టకండి, ఒకసారి వేసి చూడండి. మిర్చి పొడి మాత్రం మన గుంటూరు అలవాటుతో వేయొద్దు. కారం తట్టుకోలేరని కాదు. కారం ఎక్కువైతే బాతు రుచి పోతుంది, అప్పుడు కోడి తిన్నా ఒకటే.

తాగడానికి 'నామ్ ఖేంగ్ ప్లావ్' అంటే ఐసు వేసిన గ్లాసు, నాలుగైదు బాత్‌లకి వస్తుంది. నీళ్ళ సీసా విడిగా తీసుకోండి. చామంతి పూల చల్లటి పానీయం 'కెక్ హువాయ్' దొరికితే బాతు మీదకి అంతకన్నా మంచిది లేదు.

బాతుకి బాత్‌లు

లేచి వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడక్కర్లేదు. చేయి ఎత్తి 'ఛెక్ బిన్' లేదా 'కెప్ తంగ్' అంటే బల్ల దగ్గరికే వస్తారు. చిన్న కొట్టులో ఒక ప్లేటు సుమారు 60 నుంచి 100 బాత్‌లు, పేరున్న చోట ఇంకొంచెం. వాళ్ళ క్యూఆర్ కోడ్ ముఖ్యంగా అక్కడి బ్యాంకు ఖాతాలున్నవాళ్ళ కోసం, మన ఫోన్ దాంట్లో పనిచేస్తుందని నమ్ముకుని వెళ్ళకండి. నగదు పెట్టుకోండి. ఏటీఎం ఇచ్చేవి ఎక్కువగా 1000 నోట్లు, వాటిని ముందే ఏ సెవెన్ ఇలెవెన్ దుకాణంలోనో నీళ్ళ సీసా కొని మార్చుకోండి. మధ్యాహ్నం రద్దీలో 80 బాత్‌ల ప్లేటుకి వెయ్యి నోటు ఇస్తే డబ్బు తీసుకునే ఆవిడ ఏమీ అనదు, కానీ ఆ చూపు చాలు. టిప్ ఆనవాయితీ లేదు, మిగిలిన చిల్లర నాణేలు వదిలేస్తే సంతోషిస్తారు.

పార్సిల్

'క్లప్ బాన్' అంటే ఇంటికి అని. బాతు ఒక పొట్లంలో, గ్రేవీ, సాసు, సూపు, అల్లం తలా ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టిస్తారు. సంచి మూతిని మెలిపెట్టి, గాలి నిండుగా ఉంచి, రబ్బరు బ్యాండుని రెండు చుట్లు తిప్పి కొసని లోపలికి దోపుతారు. చుక్క కూడా కారదు. మన చేతికొచ్చాక విప్పడమే కష్టం. లాగకండి, బ్యాండు కొస ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది, దాన్ని వెనక్కి తిప్పితే ఊడొస్తుంది. కత్తెరతో కోస్తే గ్రేవీ చొక్కా మీద పడుతుంది.

హోటల్ గదిలో మైక్రోవేవ్ ఉంటే గ్రేవీనీ అన్నాన్నీ వేడి చేయండి, బాతుని వద్దు. వేడి చేస్తే చర్మం రబ్బరవుతుంది. వేడి గ్రేవీ పోస్తే ముక్కలకి ఆ వెచ్చదనం సరిపోతుంది. కొన్న పూటే తినేయండి, బ్యాంకాక్ ఉక్కపోతలో సాయంత్రం దాకా బ్యాగులో పెట్టుకు తిరగకండి. ఇంటికి తీసుకెళ్దామని సూట్‌కేసులో మాత్రం సర్దకండి. అనుమతి పత్రం లేకుండా పక్షి మాంసం ఇండియాలోకి తేకూడదు. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే బాతు పోతుంది, పైగా ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాలి.